మసీదును కొలిచిన ఏడాది

అరవై ఎనిమిదిలో నాకు ఇరవై మూడేళ్లు. డ్రాయింగు చదువు పూర్తిచేసి, శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో ప్లాన్లకు నకళ్లు గీసే ట్రేసరుగా తాత్కాలిక ఉద్యోగంలో చేరాను. పాత కట్టడాల ప్లాన్లు గీయించి భద్రపరచాలని పైవాళ్లు అనుకున్నారట. ఒక రోజు మా ఓవర్సీరు నన్ను పిలిచాడు.

"ఒరే, నీ గీత బాగుంటాదంట గదా. ఊళ్లో పాత మసీదొకటి కొలిసి ప్లాను తియ్యాల. గోడలు, స్తంబాలు, మీనార్లు అన్నీ. ఎన్నాళ్లు పడతాది?"

నెల సరిపోతుందన్నాను. అయిదు నెలలు పట్టింది.

మా ఊరు కోటబొమ్మాళి దగ్గర. మొదట్లో రోజూ పొద్దున్నే రైలెక్కి ఆమదాలవలసలో దిగి, అక్కడి నుంచి బస్సులో వచ్చేవాణ్ణి. పని మొదలుపెట్టేసరికి పదకొండు దాటేది. ఇలా కాదని మసీదు వెనక సందులో ఒక గది అద్దెకు తీసుకున్నాను. రెండు గదుల పెంకుటిల్లు. ముందు గది నాది. వెనక గదిలో ఇంటి యజమానురాలు, అరవై అయిదేళ్ల ముసలమ్మ, ఒక్కతే ఉండేది. ఆమె భర్త ఆ మసీదులో మౌజన్‌గా పనిచేశాడు. ముప్పయ్యేళ్ల పాటు రోజూ అయిదుసార్లు నమాజుకు పిలుపు ఇచ్చిన మనిషి. నేను వెళ్లేసరికి ఆయన పోయి మూడేళ్లయింది. పిల్లలు లేరు. పాత చీరలు కలిపి బొంతలు కుట్టి బతికేది. మోకాళ్లు వాచి ఉండేవి. కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాలి. మా నాయనమ్మను పిలిచినట్టే ఆమెను మామ్మా అని పిలిచేవాణ్ణి. ఆమె నన్ను బాబూ అనేది.

మసీదు గురించి కొంచెం చెప్పాలి. గోల్కొండ సుల్తానుల ఏలుబడిలో శ్రీకాకుళం ఒక సర్కారుకు ముఖ్యపట్టణం. వాళ్ల తరఫున ఫౌజుదారు ఇక్కడ కాపురముండి పాలించేవాడు. ఆ రోజుల్లో మొదలైన కట్టడం అది. తర్వాత మొగలాయిలు వచ్చారు, నిజాము మనుషులు వచ్చారు, కొన్నాళ్లు ఫ్రెంచివాళ్లు, చివరికి ఇంగ్లీషువాళ్లు వచ్చి ఊరి పేరును చికాకోలు చేసిపోయారు. ఇంతమంది వచ్చిపోయినా ఆ గోడలు అక్కడే ఉన్నాయి. ముందువైపు అయిదు కమానులు. రెండు చివరలా రెండు మీనార్లు. మీనారు అడుగున తామర రేకులు విచ్చుకున్నట్టు చెక్కిన సున్నపు పని, పైన చిన్న వసారా, దానిపైన మొగ్గలాంటి గుమ్మటం. సున్నంలో బెల్లపు నీళ్లు, కరక్కాయ రసం, కోడిగుడ్డు తెల్లసొన కలిపి నూరి పూశారని చెప్పేవారు. మూడు వందల ఏళ్ల వానలకు కూడా ఆ పూత చాలాచోట్ల పాలరాయిలా నున్నగా ఉంది. గోరు పెట్టి గీస్తే గోరే అరిగేది.

టేపు రెండో కొస పట్టుకోవడానికి నాకు మనిషిని ఇవ్వలేదు. మసీదు ఇమాముగారే పట్టుకున్నారు. డెబ్బయ్యేళ్ల పెద్దాయన. మొదటి రోజు నేను చెప్పులు బయట విడిచి, కాళ్లు కడుక్కుని, ఎక్కడ నిలబడాలో తెలియక గుమ్మంలో ఆగిపోతే, "రా బాబూ, గోడలు కాటెయ్యవు" అని నవ్వారు. నేను ఆయన్ని సాయిబుగారూ అనేవాణ్ణి. పొద్దున నమాజు తర్వాత నుంచి మధ్యాహ్నం నమాజు వరకు మాకు ఖాళీ. ఆయన లుంగీ పైకి దోపుకుని టేపు పట్టుకుని గోడ వెంట నడిచేవారు. అంకె గట్టిగా చదివేవారు. నేను రాసుకునేవాణ్ణి.

కొలవడం మొదలుపెట్టాక తెలిసింది, కంటికి సమానంగా కనిపించేది ఏదీ సమానం కాదని. అయిదు కమానుల్లో దక్షిణం వైపుది నాలుగు వేళ్లు తక్కువ. ఉత్తరపు మీనారు రవ్వంత బయటికి ఒరిగి ఉంది. పడమటి గోడలో మక్కా దిక్కును చూపించే మిహరాబు గూడు కూడా సరిగ్గా నడిమధ్యలో లేదు. నా కొలత తప్పేమోనని మూడుసార్లు తీశాను. ఇమాముగారు విసుక్కోలేదు. "కట్టినోల్లు మనుసులే గదా బాబూ" అన్నారు. లోపల హాలు మూడు వరసల లోతు. స్తంభాల మధ్య పదిహేను చదరాలు, ఒక్కో చదరం మీద లోపలికి తవ్వినట్టు ఒక చిన్న గుమ్మటం. మండు వేసవిలో కూడా ఆ హాల్లో అడుగుపెడితే కాళ్లకు చల్లగా తగిలేది.

నేను సాయంత్రం గదికి రాగానే మామ్మ కుట్టుపని పక్కన పెట్టి, గోడ పట్టుకుని లేచి గుమ్మం దాకా వచ్చేది.

"ఏటి కొలిసినావు ఇయాల?" అని అడిగేది.

చెప్పేవాణ్ణి. మొదట్లో ఊరికే కాలక్షేపానికి అడుగుతోందనుకున్నాను. ఒక రోజు నేనే అడిగాను. "మామ్మా, నువ్వు లోపల సూడనేదా ఎప్పుడూ?"

"నేదు బాబూ. మా ఆడోల్లం నమాజు ఇంటికాడే సదూకుంటాం. పెల్లై ఈ సందులోకొచ్చి యాబై ఏల్లయినాది. ఇక్కణ్ణుంచి మీనారు కనపడతాది, ఆయన గొంతు ఇనపడీది. అంతే."

అప్పట్లో మా వైపు వాడుక అది. ఆడవాళ్లు నమాజు ఇళ్లలోనే చేసుకునేవారు. ఎవరూ ఆమెను రావద్దని అనలేదు. రమ్మనీ అనలేదు. తమాషా ఏమిటంటే ఆ మతం కాని నేను, ఎక్కడో కోటబొమ్మాళి దగ్గర వరి పండించుకునేవాళ్ల ఇంటి కుర్రాణ్ణి, రోజూ వెళ్లి ఆ గోడలన్నీ చేత్తో తడిమి వస్తున్నాను. అది ఆమెకు ఎలా ఉండేదో ఆ రోజుల్లో నేను ఆలోచించలేదు.

"లోపల నలబై స్తంబాలంట గదా?" అని అడిగింది ఆమె ఆ రోజే. "పైన కప్పంతా నీలం రంగంట. దాన్నిండా బంగారు సుక్కలంట. గోలకొండ నుంచి ఏనుగు మీద తెచ్చిన గాజుదీపం నడిమద్దిన ఏలాడతాదంట. ఆయన సెప్పీవోడు."

నేను అప్పటికి బయటి గోడలే కొలుస్తున్నాను. లోపల సరిగ్గా చూసింది లేదు. "ప్లాను గీసినాక నీకే ముందు సూపిస్తాను మామ్మా" అన్నాను. ఆమె ముఖం వెలిగింది.

రెండు నెలల తర్వాత లోపలి ప్లాను తయారైంది. పెద్ద కాగితం మీద నల్ల సిరాతో గీశాను. గోడ మందం, స్తంభాల అడుగు చదరాలు, గుమ్మటాలకు చుక్కల గీతలతో గుండ్రాలు, అన్నీ పొందికగా కుదిరాయి. నా జీవితంలో నేను గీసిన మొదటి పెద్ద బొమ్మ. గర్వంగా తీసుకొచ్చి మామ్మ నులకమంచం మీద పరిచాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని, కాగితాన్ని తాకకుండా వంగి చూసింది.

"ఇయ్యేటి?" అని ఒక నల్ల చదరం చూపించింది.

"స్తంబాలు మామ్మా."

ఆమె వేలు గాల్లోనే కదిలించి లెక్కపెట్టింది. "ఎనిమిదే ఉన్నాయి."

"ఎనిమిదే మామ్మా."

"మిగతాయి ఇంకో కాయితంలో గీస్తావేటి?"

"లేవు మామ్మా. ఎనిమిదే."

ఆమె తలెత్తి నా ముఖం చూసింది. "నీలం రంగు?"

అక్కడ నేను ఆగి ఉండాల్సింది. చదువుకున్న మూర్ఖుణ్ణి. నిజం చెప్పడమే నా పని అనుకున్నాను. "నేదు మామ్మా, అంతా తెల్ల సున్నమే. దీపాల పొగకి కొన్నిసోట్ల నల్లబడింది కూడా. గాజుదీపం లేదు. నడిమద్దిన ఇనప కొక్కెం ఒకటున్నాది, ఒట్టిది."

మామ్మ చాలాసేపు ఆ కాగితం వంకే చూసింది. తర్వాత వెనక్కి జరిగి కూర్చుంది.

"ఇన్నేల్లూ నాకు అబద్దం సెప్పినాడన్నమాట" అంది.

సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. నేను తీసుకుని ఎక్కించి ఇచ్చాను. ఆమె తీసుకుంది కానీ నా వైపు చూడలేదు. నేను కాగితం చుట్టుకుని నా గదిలోకి వచ్చేశాను. ఆ తర్వాత రెండు రోజులు ఆమె గుమ్మం దగ్గరికి రాలేదు. ఏం కొలిచావని అడగలేదు. పోయిన మనిషి ఆమెకు మిగిల్చిపోయింది ఆ నాలుగు మాటలే. నేను టేపు పట్టుకుని వెళ్లి అవి కూడా లేకుండా చేసి వచ్చాను. ఆ సంగతి నాకు ఆ రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా తెలిసింది.

మూడో రోజు ఆమే పిలిచింది.

"బాబూ, కోపమొచ్చిందేటి నా మీద?"

"నాకెందుకు కోపం మామ్మా. నాను సెప్పకుండా ఉండాల్సింది."

"నువ్వు సూసింది సెప్పినావు. తప్పు నేదు." కుట్టుపని ఒళ్లోంచి దించింది. "నాది కలింగపట్నం. మా అయ్యకి పడవలుండీవి. గుమ్మంలో నిలబడితే సముద్రమే. ఈ సందులోకొచ్చాక ఎటు సూసినా గోడలే. పెల్లైన కొత్తలో రోజూ ఏడ్సీదాన్ని. ఏటి కావాలే అని అడిగీవోడు. సముద్రం కావాలనీదాన్ని. అప్పుడు మొదలెట్టినాడు ఈ నీలం రంగు కబుర్లు. మావోల్ల మసీదులో కప్పు సముద్రంలాగుంటాదే అని. నాను అడిగేకొద్దీ పెంచీవోడు. సుక్కలు పెట్టినాడు. దీపం పెట్టినాడు. స్తంబాలు పెంచినాడు. తరవాత నాను నమ్మీసినానని సూసి, కాదని సెప్పనేకపోనాడేమో."

ఆమె నవ్వబోయింది. నవ్వు రాలేదు. కళ్లు తుడుచుకుంది.

"ఒక్కటైనా నిజముందేటి బాబూ? మిహరాబు ముందర నిలబడి పిలిస్తే గుమ్మటం మల్లీ పిలుస్తాదనీవోడు. తన గొంతు తనకే ఎవలో పెద్దమనిసి గొంతులా ఇనపడతాదనీవోడు. అదీ అబద్దమేనా?"

నాకు ప్రాణం లేచివచ్చింది. "అది నిజం మామ్మా! నాను ఇన్నాను. సాయిబుగారు కొలత గట్టిగా సదివితే పైనుంచి తిరిగొస్తాది. దేవుడి మీద ఒట్టు."

మామ్మ మెల్లగా అంది. "నాను బయటి గొంతే ఇన్నాను ముప్పయ్యేల్లూ. లోపల ఎలాగుండీదో ఇన్నేదు. ఒక్కపాలి ఆ సోట నిలబడాలనున్నాది."

మర్నాడు కొలతల మధ్యలో ఇమాముగారితో ఈ మాట చెప్పాను. వద్దంటారేమోనని భయపడుతూనే చెప్పాను. ఆయన టేపు కింద పెట్టి ఆలోచించారు.

"ఆయన భార్య కదూ. ఇన్నేల్లూ అడగనేదే ఆయమ్మ" అన్నారు. "వద్దని ఎక్కడుంది బాబూ, మనం అలవాటు సేసుకున్నాం గానీ. బుదారం పదింటికి తీసుకురా. ఎవలూ ఉండరు. నాను తలుపు తీసుంచుతాను. మోకాల్ల నొప్పి గదా, నువ్వు సెయ్యి పట్టుకో."

ఆ మాట చెప్పినప్పుడు మామ్మ నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. మంగళవారం తెల్లచీర ఉతికి ఆరేసుకుంది. పక్కింటావిడ దగ్గరికి వెళ్లి తలకు నూనె రాయించుకుంది. ఆ పక్కింటావిడ కొబ్బరికాయలు అమ్మే మనిషి, మామ్మకు ఉన్న ఒకే ఒక స్నేహం. "మీ మామ్మకి మల్లీ పెల్లేటి బాబూ?" అని నన్ను ఆటపట్టించింది.

ఆ సాయంత్రమే ఓవర్సీరు కబురంపాడు. విజయనగరంలో పై అధికారి ప్లాన్లు చూస్తానన్నాడట. తెల్లారి బయల్దేరమన్నాడు. మధ్యాహ్నం బస్సుకు వెళ్తానని అడిగితే ఓవర్సీరు కాదనేవాడు కాదు, అధికారి గురువారం కూడా ఆఫీసులోనే ఉంటాడని అతనే చెప్పాడు. కానీ నేను అడగలేదు. నా బొమ్మలు పెద్దవాళ్లు చూడబోతున్నారన్న సంతోషం నన్ను నిలవనివ్వలేదు. ఈ మాట ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

"మామ్మా, వచ్చే బుదారం ఎల్దాం. ఇజీనగరం పనిబడ్డాది" అన్నాను.

"ఎల్లు బాబూ. నీ ఉద్దోగం ముక్యం. మసీదెక్కడికి పోద్ది" అంది. తాడు మీది చీర తీసి మడతపెట్టుకుంది.

విజయనగరంలో అధికారి నా ప్లాన్లు టేబులు నిండా పరిచి చూశాడు. భుజం తట్టాడు. ఉద్యోగం ఖాయం చేయిస్తానన్నాడు. గురువారం కూడా ఉండమన్నాడు. ఉన్నాను. నెల్లిమర్ల జనపనార మిల్లులో పనిచేసే నా స్నేహితుడొకడు వచ్చి హోటల్లో భోజనం పెట్టించాడు. చాలా ఆనందంగా గడిచింది. ఆ ఆనందం తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

శుక్రవారం మధ్యాహ్నం శ్రీకాకుళంలో బస్సు దిగి సందులోకి తిరిగేసరికి మా ఇంటి ముందు జనం ఉన్నారు. పక్కింటావిడ అరుగు మీద కూర్చుని ఏడుస్తోంది. నన్ను చూసి లేచి వచ్చింది.

"ఎల్లిపోనాది బాబూ మీ మామ్మ. రేత్తిరి గుండెల్లో నొప్పన్నాది. తెల్లారీసరికి నేదు. ఇప్పుడే మసీదుకి తీసుకెల్లినారు."

నేను సంచీ అక్కడే పడేసి మసీదుకు పరుగెత్తాను. జుమ్మా నమాజు అప్పుడే అయింది. ఆవరణలో నీళ్ల తొట్టి పక్కన జనాజా దింపి ఉంది. పాడె మీద తెల్లబట్ట, దానిపైన పచ్చ దుప్పటి. ఇమాముగారు ముందు నిలబడ్డారు. ఆయన వెనక జనం వరసలు కట్టారు. శుక్రవారం కాబట్టి ఆవరణ నిండా మనుషులే. వాళ్లలో ఆమెను ఎరిగినవాళ్లు పదిమంది కూడా ఉండరు. ఆమె పేరైనా తెలియనివాళ్లు ఆమె కోసం చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను గేటు పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాకు తెలిసిన ప్రార్థన ఏదీ అక్కడ పనికివచ్చేది కాదు. మామ్మా, మామ్మా అని మనసులో అనుకుంటూ ఉన్నాను.

జనాజా నమాజు ఆవరణలోనే చేస్తారు. లోపలికి తీసుకెళ్లరు. పాడె ఉన్న చోటు నుంచి హాలు గడపకు పందొమ్మిది అడుగులు. అక్కడి నుంచి మిహరాబుకు ముప్పయ్యారు. ఆ కొలతలు తీసింది నేనే. మధ్య కమాను తలుపు ఆ వేళ బార్లా తెరిచి ఉంది. ఆమె ముఖం కప్పి ఉంది.

నమాజు కొద్ది నిమిషాల్లో అయిపోయింది. పాడె ఎత్తారు. నేనూ వెనక నడిచాను. కొంతదూరం పోయాక ఎవరో పక్కకు జరిగి నాకు భుజం ఇచ్చారు. ఆమె ఎంత తేలిగ్గా ఉందో. శ్మశానంలో అందరితో పాటు నేను కూడా మూడు పిడికిళ్ల మట్టి వేశాను. నువ్వెవరివి అని ఒక్కరూ అడగలేదు.

తిరిగి వచ్చాక పక్కింటావిడ బుధవారం సంగతి చెప్పింది. నేను విజయనగరం బయల్దేరి వెళ్లాక, పదిగంటల వేళ మామ్మ తెల్లచీర కట్టుకుని బయటికి వచ్చిందట. ఎక్కడికని అడిగితే, "ఊరికే, కాల్లు సాగదీసుకొస్తాను" అన్నదట. గోడ పట్టుకుని, ఆగి ఆగి, సందు చివరిదాకా నడిచి మసీదు గేటు దగ్గర నిలబడిందట. గేటు తీసే ఉంది. లోపల ఎవరూ కనబడలేదట. చాలాసేపు నిలబడి వెనక్కి వచ్చేసిందట.

"లోపలికెల్లకపోనావా అన్నాను బాబూ. ఎవలైనా పిలిస్తే ఎల్దును, పిలవకుండా ఎలాగెల్తానే అన్నాది. సదువు నేనిదాన్ని, నానెలాగ తీసుకెల్దును" అని ఆమె మళ్లీ ఏడ్చింది.

సాయంత్రం ఇమాముగారి దగ్గరికి వెళ్లాను. ఆయన నీళ్ల తొట్టి గట్టు మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. బుధవారం తీసుకురానందుకు విజయనగరం పనే కారణంగా చెప్పాను. గేటు దాకా ఆమె వచ్చిందన్న సంగతి కూడా చెప్పాను. తప్పు నాది కాదని ఆయన అంటారని లోపల ఎక్కడో ఆశ ఉంది. ఆయన అలా అనలేదు.

"తీసుకురావలసింది బాబూ" అన్నారు. "నాను లోపలే ఉన్నాను. తలుపు తీసి, సాప పరిసి, మిహరాబు కాడ కూకున్నాను. మీరు రాకపోతే మనసు మార్సుకున్నాదేమో అనుకున్నాను. ఒక్కపాలి లేసి గేటు వంక సూస్తే కనపడును. నాకూ తోసనేదు."

ఎవరో నమాజుకు వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. మామ్మ భర్త తర్వాత వచ్చిన కొత్త మౌజన్ గొంతు సవరించుకుని లోపలికి వెళ్లాడు. నేను లేచి వచ్చేశాను.

పది రోజులకు కళింగపట్నం నుంచి మామ్మ తమ్ముడి కొడుకు వచ్చాడు. ఇల్లు అమ్ముతానన్నాడు. మంచం, గిన్నెలు, సగం కుట్టిన బొంత బండి మీద వేసుకుని వెళ్లాడు. నేను వేరేచోట గది చూసుకున్నాను. ఉత్తరపు మీనారు కొలతలు ఇంకా మిగిలి ఉన్నాయి. మరో మూడు వారాలు ఇమాముగారు టేపు పట్టుకున్నారు, నేను రాసుకున్నాను. ఆయన అంకెలు మునుపటిలా గట్టిగా చదవడం మానేశారు. నేనూ చదవమని అడగలేదు. పని పూర్తయ్యాక నన్ను విజయనగరం బదిలీ చేశారు. అక్కడ ఉద్యోగం ఖాయమైంది. మా అమ్మ సంతోషంతో ఊరందరికీ బెల్లం పంచింది. నేను ఆ రోజు ఒంట్లో బాగాలేదని చెప్పి పడుకున్నాను.